తాళాలు చేతికొచ్చిన రోజే మీటరు ఫోటో తీయండి

మొన్న కావలి వెళ్ళినప్పుడు పక్కింటి వదిన పట్టుకుంది. వాళ్ళబ్బాయి చదువుకి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్తున్నాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఇల్లు అద్దెకు మాట్లాడుకున్నారు. "అక్కడ గ్యాస్ బండ ఎట్టా బుక్ చేసుకోవాలబ్బా?" అని ఆమె బెంగ.

ఇంగ్లండులో చాలా ఇళ్ళకి గ్యాస్ గొట్టంలోనే వస్తుంది. మీరు దిగేసరికి గ్యాసూ కరెంటూ ఏదో ఒక కంపెనీ నుంచి వస్తూనే ఉంటాయి. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా, అద్దె మొదలైన రోజు నుంచి వాడకం మీ లెక్కే. మన దగ్గర మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది, నెలనెలా మనిషి వచ్చి రీడింగు తీసి చీటీ చేతిలో పెడతాడు. ఆ అలవాటుతోనే నేను దెబ్బతిన్నాను. ఇంగ్లండులో నా మొదటి ఇంటికి "ది ఆక్యుపయర్" పేరుతో ఉత్తరాలొస్తుంటే ముందున్నవాళ్ళవేమో అనుకుని పక్కన పెట్టాను. ఆ ఇంట్లో ఉంటున్నవారికి అని దాని అర్థం, అంటే నాకే. మూడు నెలలకి, ముందున్నవాళ్ళ వాడకం కూడా కలిపి బిల్లొచ్చింది. దిగిన రోజు రీడింగు నా దగ్గర లేదు, ఏం చూపించి వాదించాలి? కట్టేశాను. ఆ నెల అమ్మకి డబ్బు పంపలేకపోయాను.

అందుకే వదిన కొడుకుని వాళ్ళ వరండాలో మీటరు దగ్గరికి తీసుకెళ్ళి ఫోటో తీయించాను. అంకెలతోపాటు సీరియల్ నంబరు కూడా స్పష్టంగా పడాలని మళ్ళీ తీయించాను. అక్కడ మీటర్లు మెట్ల కింద అరలోనో, బయటి గోడకున్న పెట్టెలోనో ఉంటాయి. సూట్‌కేసు విప్పకముందే గ్యాస్ మీటరునీ కరెంటు మీటరునీ ఫోటో తీయండి. పాత గ్యాస్ మీటరులో చివర ఎర్ర అంకెలుంటే అవి దశాంశాలు, రీడింగు చెప్పేటప్పుడు వదిలేయండి.

ఏ కంపెనీయో ఓనరుని అడగండి. వాళ్ళకి ఫోన్ చేసి మీ పేరు, దిగిన తేదీ, రీడింగు చెబితే ఖాతా మీ పేరుకి వస్తుంది. నలుగురుంటే నలుగురి పేర్లూ పెట్టించండి. ఒక్కడి పేరే ఉంటే, మిగతావాళ్ళు ఇవ్వకపోయినా కంపెనీ వాడినే అడుగుతుంది. ముందే డబ్బు వేసుకునే ప్రీపేమెంట్ మీటరైతే పాతవాళ్ళు డబ్బు వేసుకోడానికి వాడిన కీ, కార్డు వాడకుండా ముందు కంపెనీతో మాట్లాడండి, వాళ్ళ బాకీ అందులో ఉండొచ్చు. బిల్లు మీరే నేరుగా కంపెనీకి కడుతుంటే కంపెనీని మార్చుకునే హక్కు మీదే. గ్యాస్, కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఆఫ్‌జెమ్ సంస్థ మూడు నెలలకోసారి పెట్టే పరిమితి యూనిట్ ధరకీ, వాడినా వాడకపోయినా పడే రోజువారీ స్టాండింగ్ ఛార్జీకీ మాత్రమే, మొత్తం బిల్లుకి కాదు. హీటరు ఎంత తిప్పితే అంత పడుతుంది.

ఇంకో కాగితం అడిగి తీసుకోవాలి. గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీరుతో ఓనరు ఏడాదికోసారి, గ్యాస్‌తో నీళ్ళు కాచి ఇల్లు వెచ్చగా ఉంచే బాయిలరు చెక్ చేయించాలి, ఆ రికార్డు మీరు దిగకముందే ఇవ్వాలి. అది చట్టం, మొహమాటపడొద్దు. బాయిలరు పాడైతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టి మోగే అలారం ఉందో లేదో మొదటి రాత్రే చూడండి. గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. కరెంటు పోతే 105. వదిన ఆ రెండు నంబర్లూ కొడుకు ఫోన్‌లో తనే దగ్గరుండి ఎక్కించింది.