సర్క్యులర్లు చదవని ప్రొఫెసర్లకు గ్రాంట్ రూల్స్ చేరవేయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కొత్తగా రీసెర్చ్ సెల్ బాధ్యత మీ మీద పెట్టారు. నిబంధన మారినప్పుడల్లా సర్క్యులర్ పంపుతున్నారు. ప్రొఫెసర్లు చదవడం లేదు. ఆడిట్ అభ్యంతరం వచ్చాక మాత్రం "మాకెవరూ చెప్పలేదే" అంటున్నారు. హైదరాబాద్‌లో మిగతా యూనివర్సిటీల వాళ్ళు ఏం చేస్తున్నారు, ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనడం మంచిదా అని అడిగారు.

నేను ఇదే ఊళ్ళో ఒక యూనివర్సిటీ ప్రాజెక్ట్స్ సెక్షన్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో తేలింది ఒకటే. సర్క్యులర్ మనకు కుదిరిన రోజున వెళ్తుంది, రూల్ అవతలివాళ్ళకు అవసరపడే రోజు వేరు. ఆగస్టులో పంపిన మెయిల్ ఫిబ్రవరిలో ఇండెంట్, అంటే కొనుగోలు అర్జీ, పెట్టేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? అందుకే రూల్‌ని మెయిల్‌లో కాకుండా, నిర్ణయం తీసుకునే చోట పెట్టాలి: ప్రపోజల్ బడ్జెట్ షీట్‌లో, శాంక్షన్ ఆర్డర్ (గ్రాంట్ మంజూరు ఉత్తర్వు) పక్కన, ఇండెంట్ ఫామ్ మీద, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నియామకం ఫైల్లో. ప్రొఫెసర్లకు బాధ్యత లేదని నేను ఎప్పుడూ అనుకోలేదు. క్లాసులు, ల్యాబ్, పీహెచ్‌డీ స్కాలర్లు, న్యాక్ (యూనివర్సిటీ గ్రేడింగ్) పనులు, వీటన్నిటి మధ్య మన పీడీఎఫ్ తెరిచే తీరిక వాళ్ళకు లేదు, అంతే.

మొదటిది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది, శాంక్షన్ ఆర్డర్ వచ్చిన వారంలోనే పీఐతో, అంటే ఆ ప్రాజెక్టు బాధ్యత ఉన్న ప్రొఫెసర్‌తో (ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్) కూర్చోవడం. పీఐ, ఆ ప్రాజెక్టులో కాగితాల పని చూసే స్కాలర్, ఫైనాన్స్ సెక్షన్ నుంచి ఒకరు, మన సెల్ నుంచి ఒకరు. ఆర్డర్‌ని పేరా పేరా చదువుతాం. ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద ఎంత, ఒక హెడ్ నుంచి ఇంకో దానికి మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి, ఎక్విప్‌మెంట్ ఎవరి ఆస్తి, యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఎప్పుడు పంపాలి, రెండో విడత దేని మీద ఆధారపడి ఉంది. గంట చాలు. చాలామంది పీఐలు ఆ ఆర్డర్‌లో మొత్తం ఎంతో చూసి పక్కన పెట్టేస్తారు. అసలు షరతులన్నీ ఆ తర్వాతి పేజీల్లోనే ఉంటాయి. జనరల్‌గా ఏ రూల్ ఉన్నా, ఆ ప్రాజెక్టుకు సంబంధించి ముందు చూడాల్సింది ఆ ఆర్డరే అని ఆ గంటలో వాళ్ళకు తెలిసిపోతుంది.

వడ్డీ విషయం ఈ సమావేశంలో తప్పకుండా చెప్పండి. గ్రాంట్ డబ్బు మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ ప్రాజెక్టుదేనని, దాంతో కెమికల్స్ కొనుక్కోవచ్చని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లోని 230వ రూల్ ప్రకారం ఆ వడ్డీని లెక్కలు ఖరారైన వెంటనే భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకి, జమ చేయాలి. దానికి భారత్‌కోశ్ పోర్టల్ ఉంది. మొదటి రోజే ఈ మాట చెబితే ఇబ్బంది లేదు. మూడేళ్ళ తర్వాత చెబితే ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

డబ్బు వచ్చే తీరు కూడా మారింది. చాలా కేంద్ర పథకాల్లో ఇప్పుడు గ్రాంట్ మన ఖాతాలోకి వచ్చి కూర్చోదు. ఖాతాలో నిల్వ సున్నా, ఖర్చు పెట్టినప్పుడు మనకిచ్చిన పరిమితి మేరకు పైనుంచి వస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి వాడని పరిమితి పోతుంది. "ఏప్రిల్‌లో కొనుక్కుందాంలే" అన్న పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. సీనియర్ ప్రొఫెసర్లకు ఇది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన విషయం. ముప్ఫై ఏళ్ళ అలవాటు మెయిల్‌తో మారదు.

రెండోది, స్కాలర్లను పట్టుకోండి. యూసీ డ్రాఫ్ట్ చేసేది, కొటేషన్లు తెచ్చేది, స్టాక్ రిజిస్టర్ రాసేది నిజానికి వాళ్ళే. పీఐ సంతకం పెడతారు. 2023 జూన్‌లో ఫెలోషిప్‌లు పెంచుతూ డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం) ఉత్తర్వు ఇచ్చినప్పుడు, జేఆర్ఎఫ్ నెలకు 31,000 నుంచి 37,000కి, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 35,000 నుంచి 42,000కి పెరిగిందని, అది ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తిస్తుందని మా సెక్షన్‌లో ప్రింట్ తీసేలోపే స్కాలర్లు కాపీ పట్టుకుని వచ్చారు. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) లెక్క కూడా వేసుకుని వచ్చారు. తమ జీతానికి సంబంధించిన రూల్‌ని ఇంత జాగ్రత్తగా చదివిన పిల్లలు కొనుగోలు రూల్‌ని కూడా చదవగలరు, ఎవరైనా కూర్చోబెట్టి చూపిస్తే. అప్పటి నుంచి ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరేసి స్కాలర్లకు మేం విడిగా ట్రైనింగ్ ఇస్తున్నాం. వాళ్ళు వెళ్ళిపోయే ముందు జూనియర్లకు నేర్పి వెళ్ళాలని గైడ్‌లతో మాట్లాడుకున్నాం. ఆ పనికి వాళ్ళకొక సర్టిఫికెట్ ఇవ్వండి, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. ఉచితంగా చేయించుకోవడం న్యాయం కాదు.

అరియర్స్ (వెనకటి తేదీ నుంచి ఇవ్వాల్సిన తేడా) గురించి ఒక హెచ్చరిక. ఫెలోషిప్ పెరిగితే ప్రాజెక్టు బడ్జెట్ దానంతటదే పెరగదు. ఆరు నెలల తేడా ఒక్క జేఆర్ఎఫ్‌కి 36,000, దాని మీద హెచ్ఆర్ఏ అదనం. ఆ మొత్తం అడుగుతూ ఫండింగ్ ఏజెన్సీకి రాయాల్సింది పీఐ. ఇలాంటప్పుడు మీరు ఉత్తర్వు కాపీతో పాటు ఏజెన్సీకి రాయాల్సిన ఉత్తరం నమూనా కూడా కలిపి పంపండి. పేర్లు, అంకెలు నింపి సంతకం పెట్టేలా ఉంటే ఆ రోజే కదులుతుంది.

మూడోది, పెన్‌డ్రైవ్‌లలో ఉన్న పాత ఫైళ్ళు. నా దృష్టిలో సగం తప్పులకు మూలం ఇదే. ల్యాబ్‌లో సీనియర్ నుంచి జూనియర్‌కి ఒక వర్డ్ ఫైల్ వారసత్వంగా వస్తుంది. అందులో పేరు, తేదీ, అంకెలు మార్చి పంపేస్తారు. యూసీ ఫారం 2017 రూల్స్‌తో 12-ఎ అయింది, అయినా అంతకుముందటి 19-ఎ అన్న శీర్షికతో యూసీలు ఆ తర్వాత చాలా కాలం మా బల్ల మీదికి వచ్చాయి. సెర్బ్ (పరిశోధనకు నిధులిచ్చిన కేంద్ర బోర్డు) స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. ఆ చట్టం 2023లో అయింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లో ఉంది. ఇంకా సెర్బ్ సెక్రటరీ పేరుమీద ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు. కొత్త రూల్ చెప్పడం ఎంత ముఖ్యమో పాత కాగితాన్ని చలామణిలోంచి తీసేయడం అంత ముఖ్యం. అన్ని ఫారాలూ ఒక్క చోటే పెట్టండి. ప్రతి ఫారం పైన "ఫలానా తేదీ నాటికి సరిచూసినది" అని రాయండి. ఆ తేదీ ఆరు నెలలు దాటితే మీ సెల్ తీసుకోదని ముందే ప్రకటించండి. మొదటి రెండు నెలలు తిట్లు పడతాయి, తర్వాత అలవాటవుతుంది.

ఇక కొనుగోళ్ళు. ఎక్కువ గొడవలు ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా స్టోర్స్‌లో ఒకాయన ఉన్నారు. ఇండెంట్ చూడగానే "సార్, ఇది జెమ్‌ల దొరుకుతది గద, చూసిన్రా?" అని అడుగుతారు. జెమ్ అంటే ప్రభుత్వ కొనుగోళ్ళ ఆన్‌లైన్ పోర్టల్. ఆ ఒక్క ప్రశ్నని మేం ఇండెంట్ ఫామ్ మీదికే ఎక్కించాం. జెమ్‌లో వెతికారా, దొరక్కపోతే ఆ రిపోర్ట్ జత చేశారా, విలువ ఏ పరిధిలోకి వస్తుంది, శాంక్షన్ ఆర్డర్‌లో ఈ వస్తువు పేరుందా. నాలుగు గడులు. వాటిని నింపాలంటే రూల్ తెలుసుకోక తప్పదు. విలువ పరిధులు మారినప్పుడు సర్క్యులర్ కంటే ముందు ఫామ్ మారుస్తాం.

ఆ పరిధులు మారాయి కూడా. 2025 జూన్‌లో పరిశోధన కొనుగోళ్ళకు కేంద్ర ఆర్థిక శాఖ సడలింపు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, పర్చేజ్ కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. పరిశోధనకే ప్రత్యేకమైన పరికరాలను జెమ్ బయట కొనడానికి డైరెక్టర్లకు, వైస్ చాన్సలర్లకు అధికారమిచ్చారు. ఇది పరిశోధకులకు నిజంగా మేలు చేసే మార్పు. జెమ్‌లో దొరికిన నాసిరకం పరికరంతో కుస్తీపట్టిన ల్యాబ్‌లు నేను చూశాను. అయితే ఈ వార్త పేపర్లో పడగానే "ఇక 2 లక్షల దాకా ఎవరినీ అడగక్కర్లేదు" అని కొందరు మొదలుపెట్టారు. అది పొరపాటు. ఉత్తర్వు కేంద్ర సంస్థలను ఉద్దేశించింది. రాష్ట్ర యూనివర్సిటీలకు, ప్రైవేటు యూనివర్సిటీలకు తమ సొంత కొనుగోలు నిబంధనలు ఉంటాయి. మీ ఫైనాన్స్ కమిటీ ఈ పరిమితుల్ని ఆమోదించిందా, ఆమోదిస్తే ఏ తేదీ నుంచి అన్నది రాతలో ఉండాలి. వార్తకీ మన సంస్థలో అమలుకీ మధ్య ఉన్న ఈ దూరాన్ని చెప్పడమే మీ సెల్ అసలు పని అని నేననుకుంటాను. వాట్సాప్ గ్రూపులో ఉత్తర్వు అందరికీ వచ్చేస్తుంది. "మనకు వర్తిస్తుందా?" అన్నదానికి జవాబు మీ దగ్గర మాత్రమే దొరకాలి.

పన్నులు కూడా ఇలాగే దెబ్బ కొడతాయి. పరిశోధన సంస్థలు కొనే పరికరాల మీద ఒకప్పుడు 5 శాతం జీఎస్టీ రాయితీ ఉండేది. 2022 జూలై 18 నుంచి అది ఎత్తేశారు. 20 లక్షల పరికరానికి 21 లక్షలు చాలనుకుని బడ్జెట్ వేసుకున్నవాళ్ళకు 18 శాతం లెక్కన 23.6 లక్షల కొటేషన్లు వచ్చాయి. ఆ 2.6 లక్షలు ఎక్కడినుంచి తేవాలి? అప్పటి నుంచి మా బడ్జెట్ షీట్‌లో పన్ను శాతం గడి మేమే నింపి ఉంచుతాం, పీఐ చేతికి వదలం. ఊరటనిచ్చే మార్పు కూడా ఒకటి వచ్చింది: గ్రాంట్లతో చేసే పరిశోధన సేవల మీద ప్రభుత్వ సంస్థలకు, 1961 ఆదాయపు పన్ను చట్టం 35వ సెక్షన్ కింద నోటిఫై అయిన యూనివర్సిటీలకు 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. మీది ఆ జాబితాలో ఉందో లేదో మీ ఫైనాన్స్ ఆఫీసర్‌ని ఇవాళే అడగండి.

విదేశీ నిధుల విషయంలో మాత్రం ట్రైనింగ్ మీద ఆధారపడకండి, గేటు పెట్టండి. పీఐ ఒక విదేశీ ఫౌండేషన్‌తో మెయిల్స్‌లో అంతా మాట్లాడుకుని, ఇక్కడి ఒక ఎన్జీవోకి అందులో వాటా ఇస్తానని మాటిచ్చి, చివర్లో సంతకం కోసం మన దగ్గరికి వస్తారు. 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికే వీల్లేదు, ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యమైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది. కాబట్టి ఎంవోయూ (అవగాహన ఒప్పందం) డ్రాఫ్ట్ కాకముందే, మాటల దశలోనే, ఒక పేజీ సమాచారం మీ సెల్‌కి రావాలని రిజిస్ట్రార్ చేత ఆదేశం ఇప్పించండి. ఎథిక్స్ కమిటీ అనుమతీ అంతే. సర్వే ప్రశ్నాపత్రమే కదా అని సైకాలజీ, సోషల్ వర్క్ వాళ్ళు అనుమతి లేకుండా బస్తీల్లోకి వెళ్ళిపోతుంటారు. అక్కడ జవాబులిచ్చే మనుషుల పట్ల మనకున్న బాధ్యత అది, ఫార్మాలిటీ కాదు.

మిగతా యూనివర్సిటీలు ఏం చేస్తున్నాయని అడిగారు. పద్ధతులు రకరకాలు, కానీ ఈ ఊళ్ళో మనకున్న సౌకర్యం చాలా ఊళ్ళలో లేదు. తార్నాక నుంచి హబ్సిగూడ, ఉప్పల్ రోడ్డు దాకా ఉస్మానియా, కేంద్ర పరిశోధన సంస్థలైన ఎన్ఐఎన్, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ వరసగా ఉన్నాయి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ) ఉన్నాయి. ఏ కేంద్ర సంస్థలోనైనా పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళు ఈ రూల్స్‌తోనే బతుకుతారు. అలాంటి ఒకరిద్దరితో పరిచయం పెంచుకోండి. కొత్త ఉత్తర్వు అర్థం కానప్పుడు ఒక్క ఫోన్ చాలు. ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, మనూ, జేఎన్‌టీయూల్లో ఒకప్పటి హెచ్ఆర్‌డీసీలు, ఇప్పటి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. కొత్త అధ్యాపకుల ఇండక్షన్ ప్రోగ్రాంలో గ్రాంట్ నిర్వహణ మీద ఒక సెషన్ పెట్టమని అడిగి చూడండి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది విన్నది నిలుస్తుంది.

మీ సొంత వర్క్‌షాప్ పెడితే దసరా సెలవులు అయ్యాక పెట్టండి. సంక్రాంతి దాటాక పెడితే ఎక్విప్‌మెంట్ టెండర్‌కి సమయం మిగలదు. మార్చిలో పెడితే ఎవరూ రారు.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. మీ యూనివర్సిటీలో నడుస్తున్న ప్రాజెక్టులు వందల్లో ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. అంతకంటే ముందు కావాల్సింది ఉత్తర్వుల్ని మూలంలో చదివే ఒక మనిషి. కేంద్ర ఆర్థిక శాఖ వ్యయ విభాగం, డీఎస్‌టీ, డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం), ఐసీఎంఆర్, యూజీసీ వెబ్‌సైట్లు ప్రతి సోమవారం చూసి, ఏం మారింది, మనకు వర్తిస్తుందా, ఏ ఫారం మార్చాలి అని అర పేజీ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసే మనిషి. ఆ పనిని ఇంకో పది పనులున్న క్లర్క్ నెత్తిన వేయకండి. ఆ పోస్టు కోసం ఓవర్‌హెడ్స్ (గ్రాంట్‌లో సంస్థకిచ్చే వాటా) నుంచి జీతం ఇవ్వమని మీ వీసీని అడగండి. ఓవర్‌హెడ్స్ ఇచ్చేది ఇలాంటి సంస్థాగత ఖర్చులకే.

మీది రాష్ట్ర చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీనా, ట్రస్ట్ లేదా సొసైటీ నడిపేదా అన్నది మీరు రాయలేదు. ఎఫ్‌సీఆర్ఏ, కొనుగోలు నిబంధనలు రెండూ దాన్ని బట్టి మారతాయి. అది చెబితే ఇండెంట్ ఫామ్‌లో, బడ్జెట్ షీట్‌లో మీకు ఏ గడులు పనికొస్తాయో ఇక్కడే రాస్తాను.