రింగు కొక్కెం గురించి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అయిదంతస్తుల కాంక్రీటు భవనానికి భూకంప డిజైన్ తొలిసారి నీ చేతికి వచ్చిందనీ, సాఫ్ట్‌వేర్‌లో అన్నీ పాసయినా మనసు కుదుటపడలేదనీ రాశావు. కుదుటపడకపోవడమే మంచిది. నువ్వు లెక్కలోకి తీసుకున్న భూకంప బలం నిజంగా రాగల బలం కాదు. భవనం ఏమాత్రం దెబ్బతినకుండా నిలబడాలంటే తట్టుకోవలసిన బలాన్ని 'ఆర్' అనే తగ్గింపు విలువతో, భారత ప్రమాణంలో డక్టైల్ (విరగకుండా సాగే) ఫ్రేముకైతే 5తో, భాగించి డిజైన్ చేస్తున్నాం. ఆ తగ్గింపుకు బదులుగా స్టీలు సాగి శక్తిని మింగుతుందని మాట ఇస్తున్నాం. ఆ మాట నిలబెట్టవలసింది నీ డ్రాయింగే.

స్టీలు సాగవలసిన చోటు బీముల చివరలే గాని కాలమ్‌లు కావు. బీము చివర దెబ్బతింటే ఆ బీమే వంగుతుంది. ఒక అంతస్తు కాలమ్‌లు దెబ్బతింటే పైనున్నదంతా కూలుతుంది. అందుకే బీములు, కాలమ్‌లు కలిసే ప్రతి జాయింటు దగ్గర వంపును తట్టుకునే సామర్థ్యం బీముల కంటే కాలమ్‌లకు ఎక్కువుండాలని కోడ్‌లు అడుగుతాయి: అమెరికా కాంక్రీటు కోడ్ ఏసీఐ 318లో 1.2 రెట్లు, 2016 నాటి భారత కోడ్ ఐఎస్ 13920లో 1.4 రెట్లు. ఇక్కడే కుర్రవాళ్లు పొరబడతారు. 'పోనీలే, ఉంటే మంచిదే' అని బీములో రెండు కడ్డీలు అదనంగా వేస్తే ఈ నిష్పత్తి తలకిందులవుతుంది, బీములో షియర్, అంటే అడ్డంగా కోసే బలం, కూడా పెరుగుతుంది. చెప్పిన గ్రేడు కంటే బాగా బలమైన స్టీలు సైటుకు వచ్చినా ఇదే చిక్కు.

ఇక రింగులు, అంటే నిలువు కడ్డీల చుట్టూ అడ్డంగా కట్టే సన్న కడ్డీలు. కొక్కెం 135 డిగ్రీలు వంగి, దాని కొస రింగు వ్యాసానికి ఆరు రెట్లు, కనీసం 65 మిల్లీమీటర్లు, లోపలి కాంక్రీటులోకి దిగాలి. కవర్ (కడ్డీల బయటి కాంక్రీటు పొర) రాలిపోగానే 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. నా తొలి ఉద్యోగంలో షీటు మూలన 'రింగులు ప్రమాణం ప్రకారం' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. సైటుకు వెళ్లేసరికి నాలుగు కాలమ్‌లకు అన్నీ 90 డిగ్రీలవే కట్టి ఉన్నాయి. మేస్త్రీని అనడానికి నాకు నోరు రాలేదు. బొమ్మ గీయనివాణ్ణి నేనే. కట్టినవన్నీ విప్పించాం.

కాలమ్ ల్యాపులు, అంటే ఒక కడ్డీ పక్కన మరో కడ్డీ చేర్చి అతికే చోట్లు, ఎత్తులో మధ్య సగంలోనే ఉంచు. సగం ఎత్తు గోడ కాలమ్‌ను పట్టి పొట్టిదిగా చేస్తుందేమో చూసుకో; పొట్టి కాలమ్ మీదే ఎక్కువ బలం పడుతుంది. కింది అంతస్తును పార్కింగుకని గోడలు లేకుండా వదిలి పైన ఇటుకతో నింపితే సాగుడంతా కిందే పడుతుంది. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపంలో కొత్తగా కట్టిన ఆలివ్ వ్యూ ఆసుపత్రి కింది అంతస్తు పక్కకు ఒరిగిపోయింది; అక్కడ విడి రింగుల కాలమ్‌లు పిండిపిండయితే, స్పైరల్ (స్ప్రింగులా తెగకుండా సాగే రింగు) చుట్టిన కాలమ్‌లు బీటలు వారినా బరువు మోస్తూ నిలిచాయి.

అన్నిటికంటే కష్టం బీము-కాలమ్ జాయింటు. నాలుగు వైపుల కడ్డీలు దూరే ఆ ఇరుకులో రింగులు కట్టడం బెడద కనుక సైటులో వాటిని వదిలేస్తారు. కంప్యూటరులో కడ్డీ ఒక గీత. నిజంలో దానికి లావు ఉంది, పక్కనే 20 మిల్లీమీటర్ల కంకర దిగాలి, వైబ్రేటరు సూది పట్టాలి. కాబట్టి ముందుగా నాకు విశ్లేషణ ఫైలు పంపకు. మొదటి అంతస్తు మూల కాలమ్ జాయింటును, కడ్డీల అసలు లావుతో, 1:10 స్కేలులో చేత్తో గీసి పంపు.