మా పాప ఇంటర్వ్యూలో నవ్వలేదు, కోర్సులో చేర్పించమంటారా?

ఉప్పల్ నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న, కొంచెం కుదించాను:

"మా అమ్మాయి టెన్త్. బాడ్మింటన్ ఆడుతుంది. ఈమధ్య రాష్ట్రస్థాయి అండర్-17లో రన్నరప్ అయింది. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు వచ్చి మైకు పెట్టారు. ఎలా అనిపిస్తోందమ్మా అంటే 'బాగుంది' అంది, తర్వాత ఏంటి అంటే 'ప్రాక్టీస్' అంది. అంతే. పక్కనుంచి నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది. కింద కామెంట్లలో పొగరు అని రాశారు, మా బావమరిది కూడా అదే అన్నాడు. పాపకి ఆ వీడియో మూడుసార్లు చూపించి ఎక్కడ తప్పు చేసిందో చెప్పాను, అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సింధు కూడా మొదట్లో సిగ్గరే కదా, మారలేదా? అమీర్‌పేటలో కెమెరా ముందు మాట్లాడటం నేర్పే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు ఒకటి చూశాను. ఇంకో ఏజెన్సీ వాళ్ళు పాప ఇన్‌స్టా పేజీ నడిపి స్పాన్సర్లను తెస్తామంటున్నారు. ఈ రెండిట్లో ఏది మంచిది? మీడియాతో కలుపుగోలుగా లేకపోతే ఈ ఫీల్డ్‌లో కెరీర్ ఉంటుందా?"

సార్, రెండింటినీ పోల్చి చెప్తాను గానీ, మీ పాప ఇచ్చిన ఆ రెండు జవాబుల్లో తప్పేముందో నాకైతే అర్థం కాలేదు. ఎలా ఉందంటే బాగుందంది. తర్వాత ఏంటంటే ప్రాక్టీస్ అంది. అడిగినవాటికి నిజం చెప్పింది. ఫైనల్ ఓడి కోర్టు బయటికొచ్చిన పదిహేనేళ్ళ పిల్ల, చెమట కూడా ఆరకముందే మైకు ముందు నిలబడి ఇంకేం చెప్పాలని మీరు ఆశించారు?

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఆట మారుతుంది, ఊరు మారుతుంది, లోపలి భయం మాత్రం ఒకటే. మా పిల్ల ఆడుతోంది సరే, నలుగురికీ నచ్చకపోతే ఎలా? అమ్మాయి విషయంలో ఆ భయం రెట్టింపు. ధోనీ విడిగా ఇంటర్వ్యూలు ఇవ్వడం చాలా అరుదు, 2020 ఆగస్టు 15న రిటైర్మెంట్ కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టి తేల్చేశాడు, మనం ఆయన్ని కెప్టెన్ కూల్ అన్నాం. అదే మౌనం ఉప్పల్ అమ్మాయిలో కనిపిస్తే పొగరైపోయింది. మీ బావమరిదిని ఇదొక్కటి అడిగి చూడండి.

ఇక అసలు సంగతి, ఆటగాళ్ళు మీడియాకి బాకీ ఉన్నారా అన్నది. ఉన్నారు, కొంతవరకు. ఏదో బైక్ మీద ఎండలో వచ్చి, బాడ్మింటన్ వార్తకి పేపర్లో నాలుగు అంగుళాల చోటు కోసం ఎడిటర్‌తో గొడవపడే రిపోర్టర్లు ఈ ఊళ్ళో ఉన్నారు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన సంగతి ఇంటింటికీ చేరింది అలాంటివాళ్ళ వల్లే, ఆ తర్వాత ఎంతమంది పిల్లలు రాకెట్ పట్టారో మీకు తెలుసు. కాబట్టి వాళ్ళు పిలిస్తే ఆగాలి, రెండు నిమిషాలు ఇవ్వాలి, మర్యాదగా జవాబు చెప్పాలి. పెద్ద టోర్నమెంట్లలో ఇది నిబంధన కూడా. కానీ నవ్వులు, జోకులు, చలాకీతనం మాత్రం బాకీలో లేవు. ఎంటర్‌టైన్ చేయడం కోర్టులో ఎలాగూ చేస్తోంది కదా. ఒలింపిక్స్‌లోనైతే ఆట అయ్యాక విలేకరులు నిలబడే మిక్స్‌డ్ జోన్ గుండా నడిచి వెళ్ళాల్సిందే, అక్కడ ఆగి మాట్లాడాలా వద్దా అన్నది మాత్రం ఆటగాళ్ళ ఇష్టానికే వదిలేశారు.

బలవంతం చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్షాన్ లించ్, అంతకుముందు మీడియాతో మాట్లాడనందుకు లక్ష డాలర్లు జరిమానా కట్టినవాడు, సూపర్ బౌల్ అనే ఫైనల్ ముందు విలేకరుల ఎదుట కుర్చీలో కూర్చుని ఏ ప్రశ్న వేసినా జరిమానా పడకూడదనే వచ్చానని అదే ముక్క చెప్పాడు. అందరూ నవ్వుకున్నారు. టెన్నిస్ ప్లేయర్ నవొమీ ఒసాకా విషయంలో నవ్వడానికి ఏమీ లేదు. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో మొదటి రౌండ్ గెలిచి ప్రెస్ కాన్ఫరెన్స్‌కి రాలేదని 15,000 డాలర్ల జరిమానా వేశారు, ఇలాగే చేస్తే ఇంకా పెద్ద శిక్షలుంటాయని నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల వాళ్ళూ కలిసి హెచ్చరించారు, మర్నాడే ఆ అమ్మాయి టోర్నమెంట్ నుంచి తప్పుకుంది. 2018 యూఎస్ ఓపెన్ తర్వాత నుంచి డిప్రెషన్‌తో బాధపడుతున్నానని, ప్రెస్ ముందుకు వెళ్ళాలంటేనే ఆందోళనగా ఉంటుందని అప్పుడు బయటపెట్టింది. అప్పటికి నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు ఆమెవి. అంత పెద్ద స్టార్‌కే అంత కష్టమైంది సార్. మీరు మీ పాపకి అదే వీడియో మూడుసార్లు చూపించారు.

ఇక్కడ కొంచెం గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. మీ పాపని ఇబ్బంది పెట్టింది ఆ కామెంట్లు రాసినవాళ్ళకంటే మీరే. కామెంట్లు రాసినవాళ్ళు రాసి మరచిపోయారు, మీరు వాటిని ఇంట్లోకి తెచ్చి హాల్లో కూర్చోబెట్టారు. పక్కనుంచి సర్దిచెప్పానన్నారు, అది కూడా సాయమేమీ కాదు. పిల్ల నోరు తెరిచేలోపే నాన్న మాట్లాడేస్తే ఆ పిల్లకి మాట్లాడే అవసరం ఎక్కడుంది? నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది, పిల్లని ప్రశ్న అడిగితే వాళ్ళే జవాబు చెప్పి, చివర్లో "అస్సలు మాట్లాడదండీ" అంటారు.

సింధు సంగతి ఎత్తారు కాబట్టి దాని గురించీ చెప్పుకుందాం. అవును, గోపీచంద్ ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి అందరి ముందూ గట్టిగా అరవమన్నారని రియో ఒలింపిక్స్ సమయంలో పత్రికలన్నీ రాశాయి. కానీ ఆ అరుపు ఎదుటి ప్లేయర్ కోసం, పాయింట్ కోసం. కెమెరా కోసం కాదు. అదే గోపీచంద్ 2016 రియోకి ముందు మూడు నెలలు ఆమె దగ్గర ఫోన్ లేకుండా చేశారు, వెండి పతకం వచ్చాకే తిరిగిచ్చారు. మీరు ఎవరిని ఉదాహరణగా తెచ్చారో వాళ్ళ గురువు ఫోన్ తీసేసుకుంటే, మీరేమో పాపకి ఇన్‌స్టా పేజీ పెట్టించాలని చూస్తున్నారు. సరే, సింధు ఈరోజు కెమెరా ముందు చక్కగా మాట్లాడుతుంది, 2018లో ఫోర్బ్స్ వేసిన మహిళా క్రీడాకారుల సంపాదన జాబితాలో 85 లక్షల డాలర్లతో ఏడో స్థానంలో నిలిచింది, ప్రకటనల్లో చలాకీతనానికి డబ్బుందని నేను కాదనను. కానీ ఏది ముందు వచ్చిందో చూడండి. ఒలింపిక్ పతకం ముందు, ప్రకటనలు తర్వాత.

గోపీచంద్ అకాడమీలోనే తయారైన కిదాంబి శ్రీకాంత్ కూడా ఉన్నాడు. మాట తక్కువ మనిషని బాడ్మింటన్ చూసేవాళ్ళందరికీ తెలుసు. 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు, 2021 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వెండి తెచ్చాడు. చదరంగంలో కోనేరు హంపి ఉంది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, ఎంత గెలిచినా గొంతు పెంచదు. మాట తక్కువైందని వీళ్ళ కెరీర్లు ఎక్కడా ఆగలేదు.

ఉద్యోగం సంగతి కూడా మీ మనసులో ఉందని నాకు తెలుసు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, రైల్వేలు, ప్రభుత్వ రంగ కంపెనీలు విడిగా తీసుకుంటాయి. అక్కడ చూసేది సర్టిఫికెట్ ఏ స్థాయిది, ట్రయల్స్‌లో ఎలా ఆడింది అన్నది. యూట్యూబ్ వీడియో కింద కామెంట్లు ఏ బోర్డూ చదవదు. 2024లో బాక్సర్ నిఖత్ జరీన్‌కీ క్రికెటర్ సిరాజ్‌కీ డీఎస్పీ ఉద్యోగాలు వచ్చాయి, ఇద్దరికీ వాళ్ళ ఆట వల్లే వచ్చాయి. సిరాజ్ ఇంటర్వ్యూల్లో హాయిగా హిందీలో మాట్లాడతాడు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మీ పాప తెలుగులో చెప్తే సరిపోతుంది, ఇంగ్లీషు రాలేదని టెన్షన్ పడకండి. కొరియా, జపాన్, చైనా ప్లేయర్లు ప్రపంచ వేదికల మీద వాళ్ళ భాషలోనే మాట్లాడతారు, పక్కన అనువాదకులుంటారు.

ఇంకో మాట. మాట తక్కువ అంటే చెప్పడానికి ఏమీ లేదని కాదు. కొరియా అమ్మాయి ఆన్ సెయంగ్ పారిస్ ఒలింపిక్స్ బాడ్మింటన్‌లో 2024 ఆగస్టు 5న బంగారం గెలిచింది. అందరూ ఆనందబాష్పాల కోసం కెమెరాలు పట్టుకుని నిలబడితే, తన మోకాలి గాయాన్ని జట్టు పెద్దలు సరిగ్గా పట్టించుకోలేదని సూటిగా చెప్పేసింది. ఆ దెబ్బకి అక్కడి ప్రభుత్వమే వాళ్ళ అసోసియేషన్ మీద విచారణ చేసింది. మన మిథాలీ రాజ్‌ని 2017 ప్రపంచకప్ ముందు ఒక విలేకరి, మగ క్రికెటర్లలో మీకు ఇష్టమైనవాళ్ళెవరని అడిగితే, ఇదే ప్రశ్న మగ క్రికెటర్‌ని అడుగుతారా అంది. ఆ జవాబులో చార్మ్ ఏముంది చెప్పండి? అయినా అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు మీరడిగిన పోలిక. అమీర్‌పేట కోర్సు వల్ల పెద్ద నష్టం లేదు, కొంత డబ్బు, కొన్ని ఆదివారాలు పోతాయి. కానీ ఆ ఆదివారం పాపకి దొరికే ఒకే ఒక్క రెస్ట్ అయ్యుంటుంది, ఉప్పల్ నుంచి రోజూ ప్రాక్టీస్‌కి, స్కూల్‌కి తిరిగే పిల్ల. పైగా ఇలాంటి చోట్ల ఎక్కువగా నేర్పేది అమ్మకం ఉద్యోగాల ఇంటర్వ్యూలకి పనికొచ్చే మాటతీరు. అందరూ ఒకేలా చేతులు కట్టుకుని, ఒకేలా నవ్వుతూ, "ఈ విజయం మా గురువుకి అంకితం" అంటూ బయటికొస్తారు. పాప తనంతట తాను వెళ్తానంటే పంపండి, లేకపోతే వదిలేయండి.

ఏజెన్సీ విషయంలో మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. ఈమధ్య ఇదో ఫ్యాషనైంది. ఒక మెడల్ రాగానే పర్సనల్ బ్రాండింగ్ అంటూ వచ్చేస్తున్నారు, పిల్ల షటిల్ కొట్టడం కంటే షటిల్‌తో రీల్ చేయడం ఎక్కువవుతోంది. కాంట్రాక్టు కాగితం తెప్పించుకుని మూడు విషయాలు చూడండి. ఎన్నేళ్ళకి కట్టిపడేస్తున్నారు, రేపు ప్రైజ్‌మనీలో కూడా వాటా అడుగుతున్నారా, అకౌంటు పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుంది. పిల్లకి పద్దెనిమిది నిండలేదు కాబట్టి సంతకం మీది, ఇబ్బంది మాత్రం ఆమెది. ఇంకా భయపడాల్సింది, ఓడిన రోజు. గాయమై ఆరు నెలలు ఆడలేనప్పుడు కూడా పేజీ నడవాలి, నవ్వుతూ ఫోటోలు పెట్టాలి, ఈ నెల వ్యూస్ తగ్గాయని ఎవరో ఫోన్ చేస్తారు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ బరువెందుకు? గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటనే వద్దన్నారు, ఆయనకి లేని తొందర మనకేంటి? వద్దు. ఇంకో నాలుగేళ్ళ తర్వాత పాపే అడిగితే అప్పుడు చూద్దాం.

రెండూ వద్దంటే మరేం చేయాలి అంటారు. ఇంట్లో నేర్పగలిగినంత చాలు. పిలిస్తే ఆగడం, అడిగినవాళ్ళ వైపు చూడటం, చివర్లో థాంక్స్ చెప్పడం. తెలియకపోతే తెలియదనడం, చెప్పడం ఇష్టం లేకపోతే "దాని గురించి ఇప్పుడు వద్దండీ" అనడం. ఇవి మర్యాదలు, పర్సనాలిటీ కాదు. అంపైర్లతో, అకాడమీలో కోర్టు తుడిచేవాళ్ళతో, ఓడించిన అమ్మాయితో ఎలా ఉంటోందో గమనించండి. అక్కడ చులకనగా ఉంటే నాకు చెప్పండి, అప్పుడు పొగరు అనే మాట నేనూ ఒప్పుకుంటాను. లేదంటే అది సిగ్గే, దానికి మందక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. స్నేహితులతో గలగలా మాట్లాడే పిల్ల కెమెరా ముందు మాత్రం ముడుచుకుంటే అది స్వభావం. స్నేహితులతో కూడా మానేసి, నిద్ర తగ్గి, మ్యాచ్ అంటే కడుపునొప్పి వస్తుంటే అది వేరు. అప్పుడు వెళ్ళాల్సింది సైకాలజిస్ట్ దగ్గరికి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే వెకిలిగా నవ్వే ఊరు మనది, ఆ నవ్వుకి భయపడి ఆలస్యం చేయకండి. ఎవరికీ తెలియకుండా ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మీ పాప మీతో మాట్లాడకపోవడం మాత్రం ఈ లెక్కలోకి రాదు, ఆ వీడియో విషయంలో మీరు సారీ చెప్తే చాలావరకు సర్దుకుంటుంది. సారీ అని ఆగండి, దాని వెనకాల "కానీ" పెట్టకండి.

ఇంటర్ గురించి మీరు అడగలేదు గానీ నా దృష్టిలో అర్జెంటు అదే. ఏ గ్రూపు అన్నది తర్వాత, ముందు టోర్నమెంట్ల రోజుల్లో అటెండెన్స్ ఇచ్చే కాలేజీ వెతకండి. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీలు ఇచ్చే రాయితీ చూసి పడిపోకండి, పేపర్లో ఫోటో వేసుకోవడానికి తీసుకుని ప్రాక్టీస్‌కి పంపనివాళ్ళూ ఉన్నారు. వచ్చే ఏడాది టోర్నమెంట్ క్యాలెండర్ పట్టుకెళ్ళి ప్రిన్సిపాల్‌కి చూపించి, ఫీజు కట్టకముందే అనుమతి కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మకండి, ఏడాది మధ్యలో ప్రిన్సిపాల్ మారితే మళ్ళీ మొదటికొస్తుంది.