తుమ్ములు సంక్రాంతి దాకా ఎందుకు సాగుతున్నాయి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఏలూరు కాలువ గట్టు పక్కనే మా ఇల్లు. ఒకప్పుడు కార్తీకంలో పది రోజులు తుమ్ములొచ్చి తగ్గిపోయేవి. ఇప్పుడు శ్రావణంలో మొదలై సంక్రాంతి దాకా వదలడం లేదు. వాతావరణం మారినందువల్లేనా? గాలి నాణ్యత సూచీ బాగానే ఉందంటున్నారు మరి.
– గృహిణి, విజయవాడ

జవాబు: ముందు సూచీ సంగతి. అందులో లెక్కించేది దుమ్ము, పొగ, కొన్ని వాయువులు. ఇలా సీజనులో వచ్చే తుమ్ములకు తరచూ కారణమయ్యే పూల పుప్పొడి లెక్క అందులో లేదు. సూచీ పచ్చగా ఉన్న రోజునే గాలిలో పుప్పొడి దండిగా ఉండొచ్చు.

మన దగ్గర గడ్డిజాతులు వానలకు పెరిగి, ఎక్కువగా ఆగస్టు చివర నుంచి నవంబరు దాకా పూస్తాయి. వాటికి తోడు వయ్యారిభామ ఉంది, కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. తడి దొరికితే చాలు ఏ నెలలోనైనా మొలిచి, నెలా నెలన్నరకే తెల్లటి పూత పెడుతుంది. కాలువలో నీరున్నన్నాళ్లూ గట్టు తడి ఆరదు. వానలు ఆలస్యంగా పడితే ఇంకో విడత మొలకలొస్తాయి. మీ తుమ్ములు సాగుతున్నది ఆ విడతలతోనే కావచ్చు.

దీనికి బొగ్గుపులుసు వాయువు తోడైంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండేది, ఇప్పుడు 420 దాటింది. మొక్కకు అది తిండి. వయ్యారిభామకు దగ్గరి చుట్టమైన రాగ్‌వీడ్‌ను అమెరికాలో గదుల్లో పెంచి చూస్తే, ఈ వాయువు పెరిగేకొద్దీ మొక్క ఇచ్చే పుప్పొడీ పెరిగింది. ఉత్తర అమెరికాలో 1990–2018 మధ్య పుప్పొడి కాలం దాదాపు 20 రోజులు ముందుకు జరిగింది, పుప్పొడి మోతాదు 21 శాతం పెరిగింది. ఆ అంకెల్ని విజయవాడకు అతికించకూడదు. అక్కడ మొక్కను ఆపేది చలి, ఇక్కడ ఆపేది తడి ఆరిపోవడం. అందుకే మనం కనిపెట్టాల్సింది వాన ఎప్పుడు ఆగిందన్నది.

రెండు నెలలు ఒక నోటుబుక్కులో తేదీ, తుమ్ములొచ్చిన వేళ, ఎక్కడున్నారు, ముందురోజు వాన పడిందా రాయండి. అలర్జీ డాక్టరు చర్మం మీద చేసే గుచ్చుడు పరీక్షకు ఆ పుస్తకం తీసుకెళ్లండి. ఏ పుప్పొళ్లతో పరీక్షించాలో దాన్ని బట్టి తేలుతుంది. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రల్ని వారం ముందు నుంచి, డాక్టరుకు చెప్పి, ఆపాలి. లేకపోతే అలర్జీ ఉన్నా చర్మం మీద దద్దురు లేవదు.

వయ్యారిభామను పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకించండి. పీకేవాళ్లకు గ్లౌజులు, పొడుగుచేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి, ఒంటికి తగిలితే దురద పుండ్లు పడతాయి. పూసిన మొక్కను మిషనుతో కోయించడం అన్నిటికన్నా చెడ్డ పని: పుప్పొడి, ఆకు నలుసులు గాల్లోకి లేస్తాయి, మిగిలిన మోడు మళ్లీ చిగురిస్తుంది. మీరు మాత్రం ఆ పనికి వెళ్లకండి. దుప్పట్లు, తలగడ గలీబులు గట్టు వైపు ఆరేయడం కూడా ఈ నెలల్లో మానేయండి.

ప్రశ్న: మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాను. సీజనంతా తుమ్ములు, దగ్గు. అలర్జీ మాత్ర వేసినా తగ్గడం లేదు.
– హమాలీ, గుంటూరు

జవాబు: మిరపలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం నరాన్ని నేరుగా మండిస్తుంది. మీ మాత్ర అడ్డుకునేది అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనాన్ని. అందుకే దానితో గుణం కనిపించదు. మంట, గొంతు గరగర, దగ్గు ముందొస్తే ఘాటు. కళ్లు, అంగిలి దురదపెట్టి వరసగా తుమ్ములొస్తే అలర్జీ. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు పూర్తిగా తగ్గిందా చూసుకోండి. తువ్వాలు చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడగాలి, ఒట్టి నీళ్లకు ఆ ఘాటు వదలదు. ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఆగకుండా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకోండి.

ప్రశ్న: మందుల షాపులో ఇచ్చిన ముక్కు చుక్కలు మూడు నెలలుగా వేస్తున్నాను, వేయకపోతే ముక్కు బిగిసిపోతోంది. డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాశారు. నాలుగు రోజులైనా గుణం లేదు, పైగా నెత్తుటి చార వస్తోంది.
– విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆ చుక్కలు ఆక్సీమెటజోలిన్ గానీ జైలోమెటజోలిన్ గానీ అయితే, మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడకూడదు. మించితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు లోపలి పొర మరింత ఉబ్బుతుంది, మళ్లీ చుక్కలే కావాలనిపిస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే. స్ప్రే కొనసాగిస్తూ, డాక్టరు చెప్పినట్టు చుక్కలు ముందు ఒక వైపు మానండి, అది తెరుచుకున్నాక రెండో వైపు.

స్ప్రే పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పట్టొచ్చు. నెత్తుటి చారకు కారణం ఎక్కువగా గురి తప్పడమే. సీసా ఊపి, తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకోండి. అప్పుడు కొన నడిమి గోడ వైపు కాక, కంటి బయటి కొస వైపు తిరుగుతుంది. నొక్కినప్పుడు నెమ్మదిగా గాలి పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోతుంది, చేదు తగిలిందంటే అదే.

స్ప్రేకు పావుగంట ముందు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటే మందు పొరకు బాగా అంటుతుంది. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాన్నర. అయోడిన్ లేనిదైతే మంట తక్కువ. కుళాయి నీళ్లూ, క్యాన్ నీళ్లూ నేరుగా వద్దు. మరిగించి చల్లార్చినవే వాడాలి, ఎందుకంటే నీటిలోని కొన్ని అమీబాలు ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తాయి. నెత్తురు వారం దాటినా ఆగకపోతే స్ప్రే ఆపి, రాసిన డాక్టరుకే చూపించండి.