బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

పీహెచ్‌సీ నర్సులకీ 108 వాళ్ళకీ కాలిన గాయాల మీద ట్రైనింగ్ ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేక పక్కింటికి వెళ్ళి మరీ చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళు బర్న్స్ వార్డులో చేసినదాన్ని, నోరు మూసుకుని ఎలా ఉంటాను?

నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తాను. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయాలి, ఐస్ వద్దు. ఎక్కువ కాలినవాళ్ళకీ పసిపిల్లలకీ ఒళ్ళు చల్లబడకుండా దుప్పటి కప్పాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. టూత్‌పేస్టో సిరానో పూసుకొచ్చినవాళ్ళని తిట్టొద్దని చెప్పు, పాపం భయంతో చేసిన పని.

ఫ్లూయిడ్ లెక్క మాత్రం బోర్డు మీద అందరి చేతా చేయించు. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే, అరవైని నలభైతో, మళ్ళీ నాలుగుతో గుణించి 9,600 మిల్లీలీటర్ల ఆర్ఎల్, అదే నరంలోకి ఎక్కించే రింగర్ లాక్టేట్ సెలైన్. అందులో సగం మొదటి 8 గంటల్లో వెళ్ళాలి, గడియారం కాలిన నిమిషం నుంచే మొదలు. మూడు గంటలు దారిలోనే అయిపోతే ఆ 4,800 మిగిలిన ఐదు గంటల్లో ఎక్కాలి. ఆ పైన పెంచాలో తగ్గించాలో యూరిన్ బ్యాగులో చేరే మూత్రమే చెబుతుంది. శాతం కొలిచేటప్పుడు ఉత్తినే ఎర్రబడ్డ చోటు కలపకూడదు. వేళ్ళతో సహా పేషెంట్ అరచెయ్యి ఒక శాతం. చంటిపిల్లాడి మీద తమ చెయ్యి పెట్టి కొలిచే మహానుభావులుంటారు, కనిపెట్టుకుని ఉండు.

అసలు ఈ ఉత్తరం ఒక్క సంగతి కోసం రాస్తున్నాను. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1993లో, భోగి ముందురోజు సాయంత్రం. అప్పుడు నేను వేరే ఊళ్ళో పనిచేసేదాన్ని. ఇద్దరు ఒకేసారి వచ్చారు. అరిసెల నూనె పాదం మీద ఒలికిన కుర్రాడు ఆస్పత్రి ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. రెండో ఆమె తలుపేసి ఉన్న వంటింట్లో పంపు స్టవ్ భగ్గుమని కాలిపోయింది. ఛాతీ, చేతులు, మొహం. కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతోంది, పిల్లాడికి పాలు పట్టారా అని అడుగుతోంది. నేను కుర్రాడి దగ్గరికి పరిగెత్తాను. లోతుగా కాలినచోట నొప్పి తెలియదని పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా అరుపే నన్ను లాగింది.

ఆమె భర్త రెండుసార్లు వచ్చి, "సిస్టరమ్మా, దీని గొంతు ఇలా ఉండదు" అన్నాడు. "ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిందిలే" అన్నాను. ఆమె అసలు ఏడవనే లేదు బుజ్జీ. ముక్కులో వెంట్రుకలు కమిలి ఉన్నాయి, ఉమ్మిలో మసి ఉంది. టార్చి వేసి చూసుంటే వేడి పొగ గొంతులోకి పోయిందని అప్పుడే తెలిసేది. డాక్టరుగారు వచ్చేసరికి గొంతు లోపలంతా వాచిపోయి, ఊపిరికి వేసే ట్యూబు దిగలేదు. తెల్లారి ఊరంతా భోగిమంటలు. నేను ఆ వీధుల్లోంచే ఇంటికి నడిచాను.

అందుకని స్లైడ్లు తగ్గించు. ఒకరిని పేషెంటుగా పడుకోబెట్టి, గట్టిగా అరిచేవాణ్ణి పక్క మంచం మీద పెట్టు. ఎవరు ఎటు వెళ్తారో చూడు. మూసిన గదిలో కాలారా అని అడిగించు, నోట్లోకి టార్చి వేయించు. ఈ గొంతు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని ఇంటివాళ్ళని అడగనివాణ్ణి పాస్ చెయ్యకు. పది నిమిషాలకోసారి పేషెంటు చేత పేరు చెప్పించాలి. గొంతు మారుతోందంటే ఆక్సిజన్ పెట్టి, ట్యూబు వెయ్యగల డాక్టరున్న చోటికే బండి తిప్పాలి.

మొన్న ఫోన్‌లో నీ గొంతు కూడా బొంగురుగా ఉంది. జలుబే అన్నావు. నాకు తెలుసు జలుబేనని. అయినా ఇది చదవగానే ఒకసారి ఫోన్ చెయ్యి, వింటాను.

మీ పెద్దమ్మ