వూకామర్స్ నుంచి షాపిఫైకి మారితే గూగుల్ ర్యాంకులు నిలుస్తాయా? మా చీరల షాపు అనుభవం

మీరు అడిగింది ఇది: చేనేత చీరల ఆన్‌లైన్ షాపు వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్ సైట్ మీద షాపు నడిపే ప్లగిన్) ఉంది, ఆర్డర్లు ఎక్కువగా గూగుల్ వెతుకులాట నుంచే వస్తున్నాయి, పండగ రద్దీలో సైట్ ఆగిపోతోంది, అందుకే శ్రావణంలోపు షాపిఫైకి (హోస్టింగ్ కూడా వాళ్లే చూసుకునే ఆన్‌లైన్ షాపు సర్వీసు) మారాలనుకుంటున్నారు. పాత లింకులన్నీ హోమ్ పేజీకి మళ్లిస్తే చాలని డెవలపర్ చెప్పారు, అది సరిపోతుందా అని.

సరిపోదండి. దయచేసి దానికి ఒప్పుకోకండి. గూగుల్ ర్యాంకు ఇచ్చేది ఒక్కో పేజీకి, ఆ పేజీ అడ్రస్ మీద. "మంగళగిరి నిజాం బార్డర్ చీర" అని వెతికినవాళ్లు మీ నిజాం బార్డర్ పేజీకి వస్తున్నారు. ఆ అడ్రస్‌ని సంబంధం లేని హోమ్ పేజీకి తిప్పితే గూగుల్ దాన్ని చాలాసార్లు సాఫ్ట్ 404 కింద లెక్కేస్తుంది, అంటే ఆ పేజీ లేనట్టే. ఇన్నాళ్లూ సంపాదించుకున్న పేరు కొత్త పేజీకి అందదు.

మాదీ మంగళగిరి చీరల షాపే, ఇంట్లోవాళ్లం కలిసి నడుపుతాం. ఇదే మార్పు చేశాం, ర్యాంకులు నిలిచాయి. అందులో ఎక్కువ సమయం పట్టింది కొత్త డిజైన్‌కి కాదు, పాత అడ్రస్‌ల జాబితాకి.

అడ్రస్‌లు మారక తప్పదు, ఎందుకంటే షాపిఫైలో వాటి రూపం మన చేతిలో ఉండదు. వూకామర్స్‌లో మామూలుగా చీర పేరుకి ముందు "ప్రొడక్ట్" అని ఉంటుంది, షాపిఫైలో "ప్రొడక్ట్స్". ఆ ఒక్క ఎస్ అక్షరం తేడాతోనే పాత లింకు తెగిపోతుంది. క్యాటగిరీ పేజీలు "కలెక్షన్స్" కిందికి వెళ్తాయి. కాబట్టి ప్రతి పాత అడ్రస్‌కీ దానికి సరైన కొత్త అడ్రస్‌ని చూపించే 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) ఉండాలి. షాపిఫైలో యూఆర్ఎల్ రీడైరెక్ట్స్ అనే చోట పాతది, కొత్తది అని రెండు నిలువు వరుసల సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) ఎక్కిస్తే పని అయిపోతుంది. కష్టమంతా ఆ ఫైలు తయారుచేయడంలోనే.

జాబితాకి మొదటి ఆధారం సెర్చ్ కన్సోల్, అంటే వెతుకులాటలో మీ ఏ పేజీకి ఎంతమంది వస్తున్నారో చూపించే గూగుల్ టూల్. 16 నెలల డేటా తీసుకోండి. శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి అన్నీ అందులోకి వస్తాయి. ఒక్క మూడు నెలలదే చూస్తే పండగకి మాత్రమే జనం వచ్చే పేజీలు కనపడవు. అక్కడి నుంచి ఒకసారికి 1000 వరుసలే దిగుతాయి కాబట్టి పాత సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల అడ్రస్‌లు ఉండే ఫైలు) కూడా దించుకోండి. బయటి సైట్ల నుంచి మీ ఏ పేజీలకి లింకులున్నాయో సెర్చ్ కన్సోల్‌లోని లింక్స్ రిపోర్ట్ చూపిస్తుంది, అవి ఒక్కటీ వదలకూడదు. వర్డ్‌ప్రెస్‌లో ఇదివరకే ఏదైనా రీడైరెక్ట్ ప్లగిన్ వాడి ఉంటే ఆ జాబితా కూడా బయటికి తీయండి. వర్డ్‌ప్రెస్ పోతే ఆ ప్లగిన్ కూడా పోతుంది, దానితో పాటే ఆ పాత మళ్లింపులన్నీ. వాటినీ నేరుగా చివరి అడ్రస్‌కే కలపండి, ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కాదు.

మీ పేజీలకి తెలుగులో పేర్లుంటే ఇంకో జాగ్రత్త. అడ్రస్‌లో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు కూడా, శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది. అంటే 22 గుర్తులు దాటిన పేరు మధ్యలోనే తెగి ఉంటుంది. అందుకని పాత అడ్రస్‌లని చీరల పేర్లని బట్టి ఊహించి రాయకండి, సైట్‌మ్యాప్‌లో ఎలా ఉందో అలాగే కాపీ చేయండి.

మన వ్యాపారంలో అసలు చిక్కు అమ్ముడుపోయిన చీరలు. మగ్గం మీద నేసిన చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, అది అమ్ముడవుతుంది, పేజీ మాత్రం మిగిలిపోతుంది. మా దగ్గర అలాంటివి ఉన్న స్టాకు కంటే ఎక్కువ. వాటన్నిటినీ ఒకే గాటన కట్టకుండా చూశాం. జనం ఇంకా వస్తున్న పేజీ అయితే అదే రంగు, అదే అంచు ఉన్న చీరలు దొరికే కలెక్షన్‌కి పంపాం. ఎవరూ రాని, లింకుల్లేని పేజీని 404కే వదిలేశాం. అందులో తప్పేమీ లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: షాపిఫైలో ఆ అడ్రస్‌లో పేజీ ఇంకా బతికి ఉంటే రీడైరెక్ట్ పనిచేయదు.

సీఎస్‌వీతో చీరలు వస్తాయి కానీ క్యాటగిరీ పేజీ మీద మీరు రాసుకున్న వివరణ రాదు. చాలా షాపుల్లో ర్యాంకు వచ్చేది ఆ నాలుగు పేరాల వల్లే. నేత ఎలా ఉంటుంది, కౌంట్ ఎంత, ఎలా ఉతకాలి అన్న ఆ రాతని చేత్తో తెచ్చి పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో గూగుల్ కోసం వాడే యోస్ట్ ప్లగిన్‌లో ఇచ్చిన టైటిళ్లు, డిస్క్రిప్షన్లు కూడా వేరుగా మోయాలి, రివ్యూలకి యాప్ కావాలి. మారేటప్పుడు ఆ రాతలు మార్చాలన్న కోరిక పుడుతుంది, ఆపుకోండి. అడ్రస్, రాత రెండూ ఒకేసారి మారితే ర్యాంకు తగ్గినప్పుడు కారణం దేనిలో ఉందో కనిపెట్టలేరు.

మారే రోజుకి ముందు సెర్చ్ కన్సోల్ వెరిఫికేషన్ ప్లగిన్ ద్వారా ఉందేమో చూసి డీఎన్ఎస్‌కి (మీ డొమైన్ సెట్టింగ్‌లు) మార్చుకోండి. డీఎన్ఎస్‌లో వెబ్‌సైట్ రికార్డులే మార్చాలి, మెయిల్ కోసం ఉండే ఎమ్ఎక్స్ రికార్డులు ముట్టుకుంటే మీ ఈమెయిల్ ఆగిపోతుంది. షాపు తెరిచేదాకా షాపిఫై అడ్డుగా ఉంచే పాస్‌వర్డ్ పేజీ తీసేయండి, కొత్త సైట్‌మ్యాప్ ఇవ్వండి. డొమైన్ అదే కాబట్టి చేంజ్ ఆఫ్ అడ్రస్ టూల్ జోలికి వెళ్లనక్కర్లేదు. గూగుల్ షాపింగ్ ప్రకటనలు ఉంటే, మర్చంట్ సెంటర్‌లో (ఆ ప్రకటనలకి చీరల వివరాలు ఇచ్చే గూగుల్ ఖాతా) ప్రొడక్ట్ ఐడీలు మారితే వాటి పాత చరిత్ర పోతుందని డెవలపర్‌కి ముందే చెప్పండి.

తర్వాత కొన్ని వారాలు ర్యాంకులు పైకీ కిందికీ ఊగుతాయి. టెన్షన్ పడకండి, మీడియం సైజు సైట్లకి కూడా ఆ మాత్రం సమయం పడుతుందని గూగులే చెబుతుంది. సెర్చ్ కన్సోల్‌లో "పేజ్ విత్ రీడైరెక్ట్" సంఖ్య పెరగడం మంచిదే. చూడాల్సింది 404ల జాబితాని, జనం వచ్చే పేజీ ఏదైనా అందులో కనపడితే ఆ రోజే సరిచేయండి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా, నా మాటైతే ఎప్పటికీ తీయకండి.

అందుకే శ్రావణంలోపు మారడం నాకు నచ్చలేదు. ఆ ఊగిసలాట సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ఆర్డర్ల మీద పడుతుంది. మీ వెనక నేతగాళ్ల ఇళ్లు కూడా ఉన్నాయి కదా. మేం సంక్రాంతి అయ్యాక, పెళ్లి ముహూర్తాల్లేని పుష్యమాసంలో మార్చాం. ఈ సీజన్‌కి మాత్రం హోస్టింగ్ పెద్ద ప్లాన్‌కి మార్చుకుని గట్టెక్కండి. అడ్రస్‌ల జాబితా పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మీ ప్రొడక్ట్ లింకుల్లో క్యాటగిరీ పేరు కూడా వస్తోందా, లేదా? అది చెబితే సీఎస్‌వీ ఎలా కట్టాలో ఇక్కడే రాస్తాను.