సంక్రాంతికి సెలవు లేని ఊరు

ప్రశ్న: మా అబ్బాయికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. రెండు సంక్రాంతులకూ ఇంటికి రాలేదు. అడిగితే "ఇక్కడ సంక్రాంతికి సెలవు లేదమ్మా" అంటాడు. దీపావళికి మాత్రం అక్కడ వీధులన్నీ దీపాలతో వెలిగిపోతున్న ఫొటోలు పంపాడు. దీపావళికి సెలవిచ్చేవాళ్లు సంక్రాంతికి ఎందుకివ్వరు? చుట్టాలేమో పెళ్లయ్యాక మారిపోయాడంటున్నారు. వాడు నిజమే చెబుతున్నాడా?
— ఒక అమ్మ, గాజువాక

జవాబు: నిజమే చెబుతున్నాడమ్మా. ఆ అనుమానం ఇవాళే తీసేయండి, కోడలి మీద పడ్డ మాట కూడా.

మా ఆయన షిప్‌యార్డు ఉద్యోగం మీద 1998లో సింగపూర్ వెళితే, ఆయన వెనకే నేనూ వెళ్లాను. 2012లో విశాఖ తిరిగొచ్చేదాకా జురాంగ్ వెస్ట్‌లోని ప్రభుత్వ ఫ్లాట్‌లో పద్నాలుగు సంక్రాంతులు చేశాను. పని రోజున వచ్చిన ఏ సంక్రాంతికీ ఆయన ఇంట్లో లేరు. పొద్దున్నే టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టించుకుని డ్యూటీకి వెళ్లిపోయేవారు.

ఆ దేశంలో ఏడాదికి 11 రోజులే ప్రభుత్వ సెలవులు. జనవరి 1, చైనా వాళ్ల కొత్త సంవత్సరానికి రెండు రోజులు, గుడ్ ఫ్రైడే, మే డే, రంజాన్, బక్రీద్, వెసాక్ అనే బుద్ధుడి పండుగ, ఆగస్టు 9న జాతీయ దినం, దీపావళి, క్రిస్మస్. అంతే. మన పిల్లలకు బడుల్లో సంక్రాంతికి ఇచ్చే సెలవులే దాదాపు అన్ని రోజులుంటాయి కదా, అందుకే మనకు ఇది నమ్మబుద్ధి కాదు.

ఒకప్పుడు అక్కడా ఇంకొన్ని ఉండేవి. తమిళుల మురుగన్ పండుగ తైపూసానికి సెలవు, ప్రవక్త పుట్టినరోజు సెలవు, ఈస్టర్ సోమవారం, క్రిస్మస్ మర్నాడు కూడా సెలవే. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోతోంది, ఉద్యోగాలు పోతాయేమో అన్న బెంగలో దేశం ఉన్నప్పుడు, 1968లో వీటిని తగ్గించారు. ముస్లింలకు రెండు, క్రైస్తవులకు రెండు, హిందువులకు ఒకటి, బౌద్ధులకు ఒకటి మిగిలాయి. హిందువుల తరఫున నిలిచింది దీపావళి. తైపూసం నాడు ఇప్పటికీ వేలమంది సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డు మురుగన్ గుడి దాకా కావడి మోస్తూ నడుస్తారు, కానీ వాళ్లలో చాలామంది ఆ రోజుకు సొంత సెలవు పెట్టుకునే వస్తారు. అంత పెద్ద పండుగకే లేనప్పుడు మన సంక్రాంతికీ, ఉగాదికీ ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి.

అలాగని అక్కడ పండుగ ఉండదనుకోకండి. నా మొదటి సంక్రాంతి చెబుతాను. ఆయన డ్యూటీకి వెళ్లాక ఒంటరిగా అరిసెలు వండాను. ఫ్లాట్ల ముందు పొడవాటి వరండా ఉంటుంది, అది అందరిదీ. మా గుమ్మం ముందు మేరకు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేశాను, ఎవరేమంటారో అని భయపడుతూనే. ఎదురింటి మలయ్ ఆవిడ బజారు నుంచి వచ్చి ముగ్గు చూసి ఆగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడవారగా నడిచి వాళ్లింట్లోకి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆవిడను నేనూ అందరిలాగే 'కాక్' అని పిలిచాను. మలయ్‌లో అక్క అని అర్థం. సాయంత్రం అరిసెలు పట్టుకెళ్తే, "దేవుడికి పెట్టినవా?" అని మెల్లగా అడిగింది. నైవేద్యం పెట్టినవి వాళ్లు తినరు. తరువాతి ఏడు నుంచి వాళ్ల వాటా ముందే వేరే గిన్నెలో తీసి, మిగిలినవి దేవుడి దగ్గర పెట్టేదాన్ని. రంజాన్‌కు ఆవిడ కూడా మాకోసం మాంసం తగలని గిన్నెల్లో చేసిన పైనాపిల్ బిళ్లలు పంపేది. మీ కోడలికి ఈ ఒక్క సంగతి చెప్పండి, పనికొస్తుంది.

దీపావళి విషయంలో మాత్రం నాకు వెలితిగానే ఉండేది. అక్కడ 1972 నుంచి బాణసంచా నిషేధం. కాకరపువ్వొత్తులు కాల్చుకోవచ్చు, అంతకు మించి లేదు. (టపాకాయల చప్పుడు లేక చైనా వాళ్ల కొత్త సంవత్సరం బోసిపోతుందని, మరుసటి ఏడాదే చింగే అనే పెద్ద ఊరేగింపు మొదలుపెట్టారు. అది తప్పకుండా చూడాల్సింది.) గోగుకాడలకు గుడ్డ వత్తులు చుట్టి, వెలిగించి, నేలకు కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అనడం మా అబ్బాయికి విశాఖ తిరిగొచ్చాకే తెలిసింది. అప్పటికి వాడికి పదమూడేళ్లు.

ఇప్పుడు మీ అసలు బాధ గురించి. మీకు కావలసింది కొడుకు ఇంటికి రావడం. దానికి సంక్రాంతినే పట్టుకుని కూర్చోవద్దని నా సలహా. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగికి మొదటి ఏడాది తప్పక ఇవ్వాల్సిన సెలవు 7 రోజులే, తరువాత ఏటా ఒక్కొక్కటి పెరుగుతుంది. కొన్ని కంపెనీలు ఎక్కువిస్తాయి, అది వేరే మాట. ఉన్న కొద్ది సెలవుల్లో మూడు సంక్రాంతికి వాడేస్తే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు ఏం పెట్టుకుంటాడు?

చైనా కొత్త సంవత్సరానికి రమ్మనండి. అది కూడా మన ఉగాదిలాగా అమావాస్యను బట్టి మొదలయ్యేదే, ఉగాదికి ఒక నెలో రెండు నెలలో ముందు వస్తుంది. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు కాబట్టి సంక్రాంతి దాటిన కొద్ది వారాల్లోపే అన్నమాట. 2026లో అది ఫిబ్రవరి 17, 18, మంగళ, బుధవారాలు. సోమవారం ఒక్కరోజు సెలవు పెడితే శనివారం నుంచి ఐదు రోజులు. 2027లో ఫిబ్రవరి 6, 7, శని, ఆదివారాలు. ఆదివారం పడిన సెలవుకు బదులు సోమవారం ఇస్తారు. శనివారం పని లేనివాళ్లకు దానికి బదులుగా ఇంకో రోజు సెలవో, ఒక రోజు జీతమో ఇవ్వాలి. విశాఖకు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. అయితే ఆ వారంలో అందరూ ఊళ్లకు కదులుతారు, టికెట్ రేటు మండిపోతుంది. నాలుగైదు నెలల ముందే తీసుకోమనండి.

మా అత్తగారు మేం ఎప్పుడొస్తే అప్పుడే సంక్రాంతి చేసేవారు. మేం వచ్చిన రోజున మళ్లీ అరిసెల పాకం పట్టి, వాకిట్లో గొబ్బెమ్మ పెట్టేవారు. ఆ గొబ్బెమ్మను చూసి ఒకసారి పక్కింటివాళ్లు అడిగితే, "మా పిల్లలు ఇవాళ వచ్చారు, మాకు పండుగ ఇవాళే" అన్నారు. నేను గుమ్మంలో సామాను దించుతూ విన్నాను ఆ మాట.

ప్రశ్న: సింగపూర్‌లో మా అమ్మాయి వాళ్ల పక్కింట్లో చైనా కుటుంబం ఉంది. వాళ్లు కొత్త సంవత్సరానికి కమలాపళ్లు, మనవడికి ఎర్ర కవర్లో డబ్బు ఇచ్చారట. తిరిగి ఏమివ్వాలి? నూట పదహార్లు లాగా ఇవ్వవచ్చా?
— ఒక తాతగారు, మధురవాడ

జవాబు: నూట పదహార్లు సరి సంఖ్యే కాబట్టి పరవాలేదు కానీ, మన పద్ధతిలో పదికో వందకో ఒకటి కలపడం మాత్రం వద్దండీ. మొదటి ఏడాది నేను కింద అంతస్తులోని చైనా ఆంటీ మనవరాలికి మన పద్ధతిలో పదకొండు డాలర్లు కవర్లో పెట్టి ఇచ్చాను. మరునాడు ఆంటీ నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. శుభానికి వాళ్లిచ్చేది సరి సంఖ్య. బేసి సంఖ్య చావు ఇంట్లో ఇచ్చేది. సరి సంఖ్యల్లోనూ నాలుగు పనికిరాదు, వాళ్ల భాషలో ఆ మాట చావు అన్న మాటలాగా వినిపిస్తుంది. రెండు, ఆరు, ఎనిమిది, పది మంచివి. నోట్లు కొత్తవై ఉండాలి. పెళ్లయినవాళ్లు పిల్లలకూ పెళ్లికానివాళ్లకూ ఇస్తారు, ఇచ్చినవాళ్ల ఎదుట కవర్ విప్పకూడదు. కమలాపళ్లు జతగా ఇస్తే, జతగానే తిరిగివ్వాలి. రెండు చేతులతో.

మీ వాళ్లు దీపావళికి మిఠాయి పంపితే సరిపోతుంది. బాకీ తీర్చినట్టు ఆ వారమే ఇవ్వాలనేం లేదు.

ప్రశ్న: రెండు నెలలు ఉండేందుకు ఆగస్టులో సింగపూర్ వెళ్తున్నాం. అప్పుడేమైనా పండుగలు చూడవచ్చా?
— రిటైర్డ్ దంపతులు, సీతమ్మధార

జవాబు: ఆగస్టు 9కి ముందు ఫ్లాట్ల వరండాలన్నీ జెండాలతో నిండిపోతాయి, చూడముచ్చటగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో చైనా పంచాంగం ప్రకారం ఏడో నెల వస్తుంది. సెలవు ఉండదు కానీ ఊరంతా తెలుస్తుంది. మన మహాలయ పక్షంలాగే పెద్దలను తలుచుకునే కాలం. ఫ్లాట్ల కింద ఇనప డబ్బాల్లో కాగితపు నోట్లు కాలుస్తారు, గడ్డి పక్కన కొవ్వొత్తులు, అన్నం, పళ్లు పెడతారు. పొద్దున వాకింగ్‌కు వెళ్లేటప్పుడు వాటిని తొక్కకుండా చూసి నడవండి. సాయంత్రం పందిళ్లలో పాటల కచేరీలు జరుగుతాయి. ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉన్నాయని వెళ్లి కూర్చోకండి, అవి చనిపోయినవాళ్ల కోసం వదిలినవి.

ఒక పూట చైనాటౌన్‌లో సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకు వెళ్లండి. 1827 నాటి మారియమ్మన్ గుడి, దాని దగ్గరే జామే మసీదు, అదే రోడ్డు మీద బుద్ధుడి దంతం పేరిట కట్టిన ఆలయం. గుడి గోపురాన్ని బట్టే పక్క వీధికి పగోడా స్ట్రీట్ అని పేరొచ్చింది, మసీదును బట్టి ఇంకో వీధికి మాస్క్ స్ట్రీట్ అని. మన పోర్టు దగ్గర వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్ చర్చి పక్కపక్కనే ఉన్నట్టే నాకు అనిపించేది. ఇంటి మీద బెంగ పెట్టుకున్న రోజుల్లో అక్కడికే వెళ్లేదాన్ని. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి.